శరీర నిర్మాణ, ధర్మ శాస్త్రాల పునశ్చరణ: ఒక మార్పు వెంట అన్ని వ్యవస్థలూ

శరీర నిర్మాణ శాస్త్రాన్నీ శరీర ధర్మ శాస్త్రాన్నీ మొదటిసారి చదివేటప్పుడు ఒక్కొక్క వ్యవస్థనూ విడిగా తీసుకోక తప్పదు. పునశ్చరణలో కూడా అదే పద్ధతిలో మొదటి అధ్యాయం నుంచి చివరి అధ్యాయం దాకా చదువుకుంటూ పోతే, అంతా తెలిసినట్టే అనిపిస్తుంది గాని ప్రశ్న కాస్త మలుపు తిరిగేసరికి జవాబు తోచదు. అందుచేత పునశ్చరణను రెండు దశల్లో చేయాలి. ముందు పుస్తకం మూసి ప్రతి వ్యవస్థనూ జ్ఞాపకం నుంచి కాగితం మీద పెట్టాలి. ఆ తరువాత శరీరంలో వచ్చిన ఒకే ఒక మార్పును పట్టుకుని, అది ఏయే వ్యవస్థలను కదిలిస్తుందో చివరిదాకా వెంబడించాలి. ఎక్కువ సమయం ఈ రెండో దశకే ఇవ్వాలి.

మొదటి దశను రక్తప్రసరణతో ప్రారంభించడం మేలు, ఎందుకంటే మిగిలిన వ్యవస్థలన్నీ దానితో ముడిపడి ఉన్నాయి. ఒక ఎర్ర రక్తకణం ప్రయాణాన్ని గీయండి: మహాసిరలు, కుడి కర్ణిక, త్రిపత్ర కవాటం, కుడి జఠరిక, పుపుస ధమని, ఊపిరితిత్తుల కేశనాళికలు, పుపుస సిరలు, ఎడమ కర్ణిక, ద్విపత్ర కవాటం, ఎడమ జఠరిక, బృహద్ధమని. రక్తం ఇలా వలయంగా తిరుగుతుందని విలియం హార్వే 1628లో వివరించాడు గాని, ధమనులను సిరలతో కలిపే కేశనాళికలు ఆయనకు కనిపించలేదు. 1661లో మార్సెల్లో మాల్పిజీ వాటిని సూక్ష్మదర్శినితో చూశాడు. మీ బొమ్మలో కూడా తరచుగా లోపించేది ఆ కేశనాళికలే. వాయువులు, పోషకాలు, వ్యర్థాలు చేతులు మారేది అక్కడ కాబట్టి వాటిని పెద్దగా గీయండి. ధమనిలో మంచి రక్తం, సిరలో చెడు రక్తం ఉంటాయన్న పాత గుర్తును పూర్తిగా వదిలేయాలి. గుండె నుంచి రక్తాన్ని తీసుకుపోయేది ధమని, గుండెకు చేర్చేది సిర. పుపుస ధమనిలోని రక్తంలో ఆక్సిజన్ తక్కువగానూ, గర్భస్థ శిశువు బొడ్డుతాడు సిరలోని రక్తంలో ఎక్కువగానూ ఉండడం ఈ నిర్వచనంతోనే అర్థమవుతుంది.

అంకెలను విడివిడిగా బట్టీ పట్టవద్దు. ఒకదాని నుంచి మరొకటి రాబట్టేలా నేర్చుకోండి. విశ్రాంతిలో గుండె ఒక్కో స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని పంపుతుంది. నిమిషానికి 72 స్పందనలైతే అది దాదాపు 5 లీటర్లు. అందులో అయిదో వంతుకు పైగా, అంటే 1,100 నుంచి 1,200 మిల్లీలీటర్లు, మూత్రపిండాలకు చేరుతుంది. ఆ రక్తంలో సగానికి మించి ఉండే ప్లాస్మాలో నిమిషానికి 125 మిల్లీలీటర్లు గ్లోమెరులస్‌లలో (మూత్రపిండంలోని సూక్ష్మ కేశనాళికల గుచ్ఛాలలో) వడపోతకు గురవుతుంది. దానిని రోజులోని 1,440 నిమిషాలతో గుణిస్తే 180 లీటర్లు. మనం విసర్జించే మూత్రం మామూలుగా ఒకటిన్నర లీటర్లే కాబట్టి, వడకట్టిన నీటిలో 99 శాతం తిరిగి రక్తంలోకే వెళుతోంది. ఈ లెక్క ఒకసారి స్వయంగా చేసినవారికి నెఫ్రాన్‌లో (మూత్రపిండపు వడపోత ప్రమాణంలో) పునశ్శోషణ, అంటే వడకట్టినదాన్ని తిరిగి రక్తంలోకి తీసుకోవడం, ఎంత ముఖ్యమో వేరుగా చెప్పనక్కరలేదు.

శ్వాస వ్యవస్థలో ప్రధానంగా పీడనాల క్రమాన్ని చూసుకోవాలి: ఉదరవితానం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరం) సంకోచించి కిందికి దిగుతుంది, ఉరఃకుహర (ఛాతీ లోపలి ఖాళీ) పరిమాణం పెరుగుతుంది, లోపలి పీడనం వాతావరణ పీడనం కన్నా తగ్గుతుంది, గాలి లోపలికి వస్తుంది. జీర్ణవ్యవస్థకు ప్రతి భాగం వద్దా ఏ స్రావం, ఏ ఎంజైము, ఏ పదార్థం మీద అన్న మూడు ప్రశ్నలు చాలు. 206 ఎముకలను జాబితాగా కాక కీళ్ల వారీగా, మీ చేతినీ కాలినీ తాకి చూసుకుంటూ నేర్చుకోండి. 12 జతల కపాల నాడులను మాత్రం కంఠస్థం చేయక తప్పదు.

ఇక రెండో దశ. ఒక వయోజనుడి శరీరం నుంచి సుమారు ఒక లీటరు రక్తం పోయిందనుకుందాం. గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గుతుంది, ఒక్కో స్పందనకు వెలువడే పరిమాణం తగ్గుతుంది, రక్తపీడనం పడిపోసాగుతుంది. మెడలోని కెరోటిడ్ సైనస్‌లోనూ బృహద్ధమని చాపంలోనూ ఉన్న పీడన గ్రాహకాల నుంచి సంకేతాలు సన్నగిల్లడంతో, మజ్జాముఖం (మెదడు అడుగు భాగం) సహానుభూత నాడీ వ్యవస్థను (అత్యవసర స్థితికి శరీరాన్ని సిద్ధం చేసే నాడులను) ఉత్తేజపరుస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, చర్మంలోని, పేగులలోని ధమనికలు కుంచించుకుంటాయి. రోగి చర్మం పాలిపోయి చల్లగా ఉండడానికి కారణం ఇదే. మూత్రపిండాలు రెనిన్ అనే ఎంజైమును విడుదల చేస్తాయి. అది కాలేయం తయారుచేసిన యాంజియోటెన్సినోజెన్ అనే ప్రోటీనును యాంజియోటెన్సిన్ 1గా మారుస్తుంది. దానిని యాంజియోటెన్సిన్ 2గా మార్చే ఎంజైము ఊపిరితిత్తుల కేశనాళికలలో సమృద్ధిగా ఉంటుంది. యాంజియోటెన్సిన్ 2 ప్రభావంతో అధివృక్క వల్కలం (మూత్రపిండాల పైనున్న అధివృక్క గ్రంథుల వెలుపలి పొర) ఆల్డోస్టిరాన్ అనే హార్మోనును స్రవించి సోడియంను నిలబెడుతుంది. పిట్యూటరీ గ్రంథి వెనుక భాగం నుంచి వెలువడే ఏడీహెచ్ (మూత్రాన్ని తగ్గించే హార్మోను) నీటిని నిలబెడుతుంది. దాహం కూడా వేస్తుంది. తరువాతి రోజులలో మూత్రపిండాల నుంచి వచ్చే ఎరిత్రోపాయిటిన్ అనే హార్మోను ఎముక మజ్జను కొత్త ఎర్ర రక్తకణాల తయారీకి పురికొల్పుతుంది, అందుకు కావలసిన ఇనుమును పేగులు శోషించాలి.

ఈ గొలుసును బాణం గుర్తులతో గీసి, ప్రతి బాణం దగ్గరా కారణం రాయండి. ఆ తరువాత ఒక ప్రశ్న వేసుకోండి: రక్తం పోయిన వెంటనే హీమోగ్లోబిన్ గాఢత ఎందుకు పెద్దగా తగ్గదు? కణాలూ ప్లాస్మా అదే నిష్పత్తిలో పోయాయి గనుక. కణజాలాల నుంచి ద్రవం రక్తనాళాలలోకి చేరే కొద్దీ ఆ గాఢత పడిపోతుంది. ఇలాంటి ప్రశ్న దగ్గర తడబడితే గొలుసులో ఏ బాణం బలహీనమో తెలుస్తుంది; ఆ బాణానికి సంబంధించిన పుటలు మాత్రమే తెరవండి. మరునాడు, ఆ పైన వారం తరువాత, అదే గొలుసును ఖాళీ కాగితం మీద మళ్లీ గీయండి. రాత్రంతా ఉపవాసం, ఎండలో నీరు కోల్పోవడం, మెట్లెక్కడం అనే మార్పులను కూడా ఇదే విధంగా వెంబడించవచ్చు.

ఇలా గీసిన గొలుసులలో చాలావరకు ప్రతికూల ఫీడ్‌బ్యాక్‌కు చెందుతాయి, అంటే వచ్చిన మార్పును అవి తగ్గిస్తాయి. మార్పును ఇంకా పెంచే సందర్భాలు కొద్దిగానే ఉంటాయి కాబట్టి వాటికి వేరుగా ఒక పుట కేటాయించండి: ప్రసవంలో ఆక్సిటోసిన్ హార్మోను వల్ల పెరుగుతూ పోయే గర్భాశయ సంకోచాలు, అండం విడుదలకు ముందు ఎల్‌హెచ్ (పిట్యూటరీ స్రవించే హార్మోను) ఒక్కసారిగా పెరగడం, రక్తం గడ్డకట్టే ప్రక్రియలో థ్రాంబిన్ అనే ఎంజైము తన తయారీని తానే వేగవంతం చేసుకోవడం. ప్రతిదాని పక్కనా దానిని ఆపేది ఏమిటో కూడా రాయాలి.