కుక్కతో బయటికి వెళ్తే వెంట రెండు సంచులు

మా కుక్కకు పదకొండేళ్లు. రోజుకు రెండుసార్లు దాని వెనక వంగి మలం ఎత్తడం నాకు అలవాటైన పనే. గొలుసుకు ముందే రెండు సంచులు ముడివేసి ఉంచుతాను. ఉన్న ఒక్కటీ చిరిగి దిక్కులు చూసిన రోజు ఒకటుంది.

సంచిని చేతికి తొడుగులా వేసుకోండి. మలాన్ని పట్టుకుని, రెండో చేత్తో అంచు లాగి సంచిని తిరగేసి ముడి వేయండి. గడ్డిలో అయితే గిల్లినట్టు తీయాలి, అదిమితే అంటుకుపోతుంది. పలచగా ఉంటేనే అసలు కష్టం. పైన ఇసుకో ఎండుటాకులో చల్లి, నిమిషం ఆగి, గట్టి అట్టముక్కతో ఎత్తుతాను. వాన కాలువలోకి మాత్రం కడగవద్దు.

"ఎరువే కదా" అనేవాళ్లుంటారు. కాదు. అందులో టాక్సోకారా అనే ఏలికపాము గుడ్లు ఉండవచ్చు. అవి కొన్ని వారాల్లో సోకే దశకు చేరి, మట్టిలో ఏళ్ల తరబడి బతకగలవు. మట్టిలో ఆడే పిల్లలకే ముప్పు ఎక్కువ. కాబట్టి కూరగాయల మడికి వద్దు, చెత్తబుట్టలోకే.

ముడి వేసిన సంచిని చెట్టుకొమ్మకు తగిలించి పోయేవారిని చూస్తే ఒళ్లు మండుతుంది. ఎవరికోసమట ఆ తోరణం?

ఇంటికి చేరి సబ్బుతో చేతులు కడుక్కున్నాకే మా కుక్కకు బిస్కట్టు.