ఆర్పినా మళ్ళీ వెలిగే చెక్ ఇంజన్ లైటు: పాత కారులో తప్పు పట్టుకునే దారి

లైటు వెలగగానే చాలామంది చేసే పని బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి మళ్ళీ పెట్టడం. లైటు ఆరుతుంది. తప్పు వచ్చినప్పుడు ఇంజన్ ఎంత వేడిగా ఉంది, ఎంత ఆర్పీఎంలో, ఎంత స్పీడులో ఉంది అన్న లెక్క కూడా దాంతోపాటే చెరిగిపోతుంది. ఆ లెక్కనే ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్‌తోపాటు (ఏ తప్పో చెప్పే, కారు కంప్యూటర్ దాచుకునే నంబరు) దాన్నీ ఫొటో తీసి పెట్టుకున్నాకే చెరపండి.

లైటు మిణుకుమంటూ బండి మిస్సింగ్ కొడుతుంటే మాత్రం పక్కకి ఆపేయాలి. కాలని పెట్రోలు, పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్‌తో పోయే ఖర్చు కన్వర్టర్ దాకా పాకుతుంది.

2013 ఏప్రిల్ తర్వాతి బీఎస్-4 కార్లలో స్టీరింగ్ కింద 16 పిన్నుల ఓబీడీ సాకెట్ (కోడ్‌లు చదివే చోటు) ఉంటుంది. చవక బ్లూటూత్ స్కానర్, ఫోన్‌లో యాప్ చాలు. అంతకంటే పాతవాటిలో సాకెట్ ఉన్నా ఈ స్కానర్‌తో మాట్లాడకపోవచ్చు. మామూలుగా వరుసగా రెండు ప్రయాణాల్లో తప్పు కనబడితే లైటు వెలుగుతుంది, మూడింట్లో కనబడకపోతే దానంతటదే ఆరుతుంది. ఆరిందంటే బాగైందని కాదు, అందుకే పెండింగ్ కోడ్‌లూ (తప్పు కనబడినా ఇంకా లైటు వెలిగించనివి) చూడాలి.

విశాఖ బీచ్ రోడ్డు వైపో, భీమిలి దారిలోనో ఆరుబయట నిలిపే బండ్లకి సెన్సర్ కొనే ముందు కనెక్టర్లు విప్పి చూడాలి. ఉప్పుగాలికి పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. తేమ ఉన్న రోజు తప్పు వస్తుంది, ఎండ కాయగానే పోతుంది. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా వైర్లని ఒక్కొక్కటిగా కదుపుతూ స్కానర్‌లో లైవ్ రీడింగ్ చూడండి. ఫ్యాను, బెల్టు, సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టొద్దు. రీడింగ్ ఎగిరిన చోటే మీ తప్పు. ఇగ్నిషన్ ఆపి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వండి. ఉప్పుకాగితంతో రుద్దితే పిన్ను పూత పోయి చిలుము ఇంకా త్వరగా పడుతుంది.

ఎర్త్ కూడా అంతే ముఖ్యం. మల్టీమీటర్ డీసీ వోల్టులో పెట్టి ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకోటి ఇంజన్ బ్లాకుకి ఆనించండి. ఇంజన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు, ఏసీ వేసి చూస్తే 0.1 వోల్టు లోపు ఉండాలి. దాటితే ఎర్త్ వైరు కొసలు విప్పి, తళతళలాడేలా గీకి బిగించండి. ఎర్త్ చెడితే ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు కోడ్‌లు ఒకేసారి వస్తాయి.

అప్పటికీ కోడ్ తిరిగొస్తే దాని వెంట పడాలి. పీ0302 (రెండో సిలిండర్ మిస్సింగ్) అయితే రెండో సిలిండర్ కాయిల్‌ని మూడో దానికి మార్చండి. కోడ్ పీ0303 అయితే కాయిల్ పోయింది. మారకపోతే ప్లగ్గు, తర్వాత ఇంజెక్టర్. పీ0171కి (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) ఇంజన్ వేడెక్కాక షార్ట్, లాంగ్ ఫ్యూయల్ ట్రిమ్‌లు, అంటే కంప్యూటర్ పెట్రోలుని ఎంత శాతం సర్దుతోందో చూపే అంకెలు, కూడండి. ఐడ్లింగ్‌లో 20 శాతం ఉండి 2500 ఆర్పీఎం దగ్గర 5కి దిగితే ఇన్‌టేక్ గొట్టం మడతల్లోనో, వ్యాక్యూమ్ పైపులోనో దొంగగాలి పోతోంది. ఎంఏపీ సెన్సర్ (ఇన్‌టేక్‌లో గాలి ఒత్తిడి కొలిచేది) ఉన్న కార్లలో ట్రిమ్ కంటే ముందు ఐడ్లింగే పెరగొచ్చు. ఎత్తెక్కేటప్పుడు ట్రిమ్ పెరిగితే పెట్రోలు ఫిల్టర్, పంపు ప్రెషర్ చూడాలి. పీ0135కి (ఆక్సిజన్ సెన్సర్ హీటర్ తప్పు) ముందు ఫ్యూజు చూడండి. పీ0420 (కన్వర్టర్ సరిగ్గా పనిచేయడం లేదు) రాగానే కన్వర్టర్ మార్చమంటే ఒప్పుకోవద్దు. సైలెన్సర్ జాయింట్లలో లీకు లేదని తేలాలి, వెనక ఆక్సిజన్ సెన్సర్ కూడా ముందుదానిలా 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతుండాలి, అప్పుడే కన్వర్టర్ పోయినట్టు. పెట్రోలు మూత బిగించి చూడమనే సలహా అమెరికా కార్లకి చెప్పేది, మన పాత బండ్లలో చాలావాటికి ఆవిరి లీకు పరీక్షే లేదు.

కోడ్ చెరిపాక, ఫ్రీజ్ ఫ్రేమ్ ఏ పరిస్థితి చూపించిందో అందులోనే నడపండి. లోడు మీద వచ్చిన తప్పయితే సింహాచలం ఘాట్ ఎక్కించండి, చల్లటి ఇంజన్‌లో వచ్చిందయితే రాత్రంతా నిలిపి పొద్దున్నే స్టార్ట్ చేయండి. బండి దిగే ముందు పెండింగ్ కోడ్ మరోసారి చూడండి.