వ్యాన్‌లో ఫ్రిజ్: రాత్రి చల్లగా, మధ్యాహ్నం గోరువెచ్చగా ఉంటే

ఆటోనగర్‌లో మా షెడ్డుకొచ్చే క్యాంపర్ వ్యాన్ల వాళ్లు దిగీదిగగానే అనే మాట ఒకటే: "కూలింగ్ రావట్లేదన్నా, గ్యాస్ అయిపోయినట్టుంది, కొట్టించు." ఫ్రిజ్‌లో గ్యాస్ డీజిల్ లాగా వాడేకొద్దీ తరిగేది కాదు. పైపు ఎక్కడో లీకైతేనే పోతుంది, అదీ అరుదు. అందుకే గ్యాస్ సంగతి చివర్లో చెప్తాను. ఇక్కడ రాసేదంతా 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ గురించి.

ముందు ఒక గ్లాసులో నీళ్లు పోసి, వైరున్న డిజిటల్ థర్మామీటరు కొస అందులో ముంచి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. తలుపు తీసిన క్షణానే లోపలి గాలి మారిపోతుంది, దాన్ని కొలిచి లాభం లేదు. నీళ్లు 5 డిగ్రీల లోపు ఉంటే ఫ్రిజ్ బాగున్నట్టే. తెల్లారి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూసి రాసుకోండి. ఈ రెండు అంకెలు లేకుండా ఏ భాగమూ విప్పొద్దు.

కంప్రెసర్ మొదలవుతుంది, కాసేపటికే ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది

ఇది కరెంటు సమస్య. అందరూ మీటరు పట్టుకుని బ్యాటరీ దగ్గర చూసి "12.6 ఉంది కదా" అంటారు. చూడాల్సింది అక్కడ కాదు. ఫ్రిజ్ వెనక టెర్మినళ్ల దగ్గర, అదీ కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు చూడాలి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్క పని వదిలేసి థర్మోస్టాట్ మార్పించుకుని వస్తున్నారు. ఎక్కువగా వాడే డాన్‌ఫాస్, సీకాప్ కంపెనీల రకం కంట్రోలర్లు (కంప్రెసర్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ డబ్బాలు) కంపెనీ సెట్టింగ్‌లో 10.4 వోల్టులకు ఆపేస్తాయి, 11.7కి పెరిగితేగానీ మళ్లీ మొదలుపెట్టవు.

లైట్లకు వేసిన 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు నుంచే ఫ్రిజ్‌కీ లాగేస్తే ఇలాగే అవుతుంది. బ్యాటరీ నుంచి ఫ్రిజ్‌కు 5 మీటర్లుంటే రానూపోనూ 10 మీటర్లు. 5 ఆంపియర్లకు 0.6 వోల్టు ఆ వైరులోనే పోతుంది, స్టార్టింగ్‌లో ఇంకా ఎక్కువ. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు 4 మీటర్ల దూరం దాకా, అంతకు మించితే 6 వేయండి. బ్యాటరీ పక్కనే దానికంటూ ఒక ఫ్యూజు పెట్టండి. నెగటివ్‌ను బాడీ స్క్రూకి కట్టి వదలకుండా నేరుగా బ్యాటరీకి తీసుకెళ్లండి.

రాత్రి బాగుంటుంది, మధ్యాహ్నం కంప్రెసర్ ఆగకుండా తిరుగుతున్నా చల్లబడదు

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే.

గుంటూరు నుంచి ఒక కుటుంబం చంటిబిడ్డతో సూర్యలంక బయల్దేరింది. బాపట్ల చేరేసరికి పాలు విరిగిపోయాయి. అంతకు ముందే ఆ వ్యాన్ నా దగ్గరికి వచ్చి వెళ్లింది. వోల్టేజ్ బాగుంది, వెనక గ్రిల్ ఉంది, ఫ్యాన్ తిరుగుతోంది. గాలికి లోటు లేదనుకుని గ్యాస్ తీయించి మళ్లీ నింపించాను, రెండో ఫ్యాన్ కూడా బిగించాను. అయినా వాళ్ల పాలు పాడయ్యాయి, అది నా పొరపాటే.

వ్యాన్ మళ్లీ వచ్చినప్పుడు ఫ్రిజ్‌ను కొంచెం ముందుకు లాగి, అగరొత్తి వెలిగించి కండెన్సర్ (ఫ్రిజ్ వెనక వేడిని బయటికి వదిలే భాగం) దగ్గర పట్టుకుని కూర్చున్నాను. పొగలో కొంత పై గ్రిల్ నుంచి బయటికి పోయింది. మిగతాది ఫ్రిజ్ నెత్తి మీదుగా ముందుకు పాకి, ప్లైవుడ్‌కీ ఫ్రిజ్‌కీ మధ్య రెండు వేళ్ల సందులో కిందికి జారి, తిన్నగా కండెన్సర్ కిందకే వచ్చింది. వ్యాన్ లోపల 38 డిగ్రీలుంటే కండెన్సర్‌లోకి వెళ్లే గాలి 51. తను వదిలిన వేడినే తిరిగి పీల్చుకుంటోంది. నేను పెట్టిన రెండో ఫ్యాన్ ఆ వేడిని ఇంకా జోరుగా తిప్పింది.

ఫ్రిజ్ లోపలి స్టిక్కరు మీద ఎస్‌టీ అని ఉంటే దాన్ని చుట్టూ 38 డిగ్రీల వేడి వరకే, టీ అని ఉంటే 43 వరకే లెక్కగట్టారని అర్థం. రోహిణీ కార్తెలో మన బెజవాడ ఎండకి ఆ లెక్క అంచున ఉంటాం. దానికి పది డిగ్రీలు మనమే కలిపితే ఏ కంప్రెసరూ నెగ్గదు.

ఇప్పుడు చేయాల్సిన పని. గాలికి ఒక్కటే దారి ఉండాలి: కింద నుంచి లోపలికి, కండెన్సర్ మీదుగా, పై నుంచి బయటికి. ఫ్రిజ్ నెత్తి మీద, వెనక అంచు దగ్గర ఈ కొస నుంచి ఆ కొస దాకా తలుపులకు అంటించే ఫోమ్ స్ట్రిప్ వేసి సందు మూసేయండి. పక్కల్లో కూడా అంచు వరకే మూయండి, సందంతా థర్మాకోల్ కుక్కొద్దు. కొన్ని ఫ్రిజ్‌లకు వేడి పైపు పక్క గోడల్లోనే ఉంటుంది. నడుస్తున్నప్పుడు చెయ్యి పెట్టి చూడండి, గోడ వెచ్చగా తగిలితే దానికీ గాలి ఆడాలి. అలాంటి గోడకు స్క్రూ వేశారంటే పైపు చిల్లుపడుతుంది.

ఫ్యాన్ గాలిని బయటికి తోస్తోందా, లోపలికా? కింది గ్రిల్‌కు చిన్న పేపరు ముక్క పెట్టండి, అతుక్కుని నిలబడాలి. గ్రిల్ వెనక దోమల మెష్ దుమ్ముతో మూసుకుపోతే చిల్లు ఎంత పెద్దది కోసినా దండగ. కింది గాలి సైలెన్సర్ వైపు నుంచి రాకూడదు. చివరగా థర్మామీటరు కొసను కండెన్సర్ కింద వేలాడదీయండి. వ్యాన్ లోపలికీ అక్కడికీ తేడా రెండు మూడు డిగ్రీలు దాటకూడదు. ఆ గుంటూరు వ్యాన్‌లో రెండో ఫ్యాన్ పీకేసి, సందులు మూశాక, 51 కాస్తా 40కి దిగింది. మర్నాడు మధ్యాహ్నం గ్లాసులో నీళ్లు 5 డిగ్రీలు చూపించాయి.

లోపల మంచు గడ్డలా పేరుకుంటోంది

తలుపు రబ్బరు. పేపరు ముక్క పెట్టి తలుపు వేసి లాగండి, తేలిగ్గా జారి వచ్చిన చోట గాలి దూరుతోంది. ఘాట్ రోడ్లు తిరిగొచ్చాక గొళ్లెం కూడా వదులవుతుంది, అది బిగించండి.

ఇక గ్యాస్

రాత్రీ పగలూ తేడా లేకుండా చల్లదనం తగ్గి, ఫ్రీజర్ ప్లేటు మీద ఒక మూలే మంచు పట్టి మిగతాది పొడిగా ఉంటే అప్పుడు గ్యాస్‌ను అనుమానించండి. లీకు పట్టుకోకుండా నింపేవాళ్ల చేతికి ఇవ్వొద్దు. ఈ చిన్న ఫ్రిజ్‌లలో గ్యాస్ పదుల గ్రాములే, కొంచెం అటూ ఇటూ అయినా కూలింగ్ పోతుంది. పైగా నింపడానికి పెట్టే వాల్వే రేపు ఇంకో లీకు అవుతుంది. కంట్రోలర్, సెన్సర్ పోవడం నేను చూసింది బహు తక్కువ, పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.