ఏ వేదిక? ముందు మీ గిరాకీ ఎక్కడుందో చూడండి

వ్యాపారం కోసం సోషల్ మీడియాలో నాలుగు చోట్ల ఒకేసారి ఖాతాలు తెరిస్తే నెల తిరక్కుండా అన్నీ మూలపడతాయి. ఒక్కటి చాలు. విజయవాడ బీసెంట్ రోడ్డు వైపు బ్లౌజులు కుట్టేవాళ్లకు ఇన్‌స్టాగ్రామే. పనితనం కంటికి కనబడాలి. గుంటూరు మిర్చి రైతులకు తేజ, బాడిగ రకాల తేడా చెప్పేవాళ్లకు యూట్యూబ్. ఆ వీడియోను ఆర్నెల్ల తర్వాతైనా వెతుక్కుని చూస్తారు. ఆడిటర్లయితే లింక్డ్‌ఇన్.

ఇన్‌స్టా బయోకి, అంటే ప్రొఫైల్‌లో మీ పరిచయానికి, 150 అక్షరాలే. "కలలకు రంగులద్దుతాం" లాంటి కవిత్వం వద్దు, "మగ్గం వర్క్ బ్లౌజులు, విజయవాడ" చాలు. పేరు గడిలోనూ పని, ఊరు రాయండి; వెతికితే తగిలేది అదే. రీల్ నిలువుగా, 9:16లో తీయండి. ధర మరీ అడుగున రాస్తే క్యాప్షన్ కప్పేస్తుంది. ధర అడిగినవాళ్లకు "డీఎం చేయండి" (విడిగా మెసేజ్ పెట్టండి) అంటే చాలామంది అక్కడే జారుకుంటారు. వాట్సాప్ బిజినెస్ కేటలాగ్ లింకు ఇవ్వండి. వారానికి రెండు రీల్స్ చొప్పున మూడు నెలలు నడిచాకే రెండో వేదిక సంగతి.