విప్పేటప్పుడే అసలు జాగ్రత్త

అంటువ్యాధుల వార్డు బాధ్యత చూసే నర్సుగా నేను అన్నిటికన్నా ఎక్కువ కాపలా కాసేది రక్షణ దుస్తులు విప్పే చోట. షిఫ్టు చివర అలసటలో చెయ్యి తెలియకుండానే ముఖం మీదికి పోతుంది. అందుకే ఎవరినీ ఒంటరిగా విప్పనివ్వకండి. పక్కన ఒకరు నిలబడి ప్రతి మెట్టూ పైకి చెప్పాలి. ముందు గ్లవ్స్, తర్వాత కళ్లద్దాలు, ఆపైన గౌను. ఎన్‌95 మాస్కు మాత్రం రోగి గది దాటి తలుపు మూశాకే, పట్టీలు పట్టుకుని తీయాలి. వెంటనే చేతులకు శానిటైజర్, 20 నుంచి 30 సెకన్లు. మధ్యలో చేతికి ఏదైనా అంటితే అప్పటికప్పుడే శుభ్రం చేసుకోవాలి.

ఆ మాస్కు 0.3 మైక్రాన్ల కణాల్లో కనీసం 95 శాతాన్ని ఆపుతుంది, అంచుల్లో సందు లేకపోతేనే. గడ్డం ఉంటే సందు ఉన్నట్టే. అందరికీ ఫిట్ టెస్ట్, అంటే మాస్కు ముఖానికి సందు లేకుండా అతుకుతుందో లేదో చూసే పరీక్ష, చేయించండి. పారిశుద్ధ్య సిబ్బందికీ, స్ట్రెచర్ తోసేవారికీ అదే మాస్కు, అదే శిక్షణ. ఇందులో బేరం లేదు.

భోజనాల గదిని మరవకండి. మాస్కులు తీసి దగ్గరగా కూర్చునేది అక్కడే. కిటికీలు తెరిచి, సిబ్బందిని విడతలుగా పంపండి.

జ్వరమొస్తే జీతంతో సెలవు ఇవ్వండి. జీతం కోస్తే లక్షణాలు దాచి పనికి వస్తారు. అది వాళ్ల తప్పనను.

రోగి చనిపోయిన రోజు ఆ నర్సుకు వెంటనే మరో విషమస్థితి రోగిని అప్పగించకండి. "ధైర్యంగా ఉండు" అనడంకన్నా "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడగడం మేలు. పట్టలేదంటే షిఫ్టు మార్చండి, కౌన్సెలర్‌ను కలవడానికి పనివేళల్లోనే సమయం ఇవ్వండి.