పిల్లికళ్లు, నల్లకళ్లు, నిమజ్జనం డీజే

పిల్లికళ్లవాళ్లకు చెవుడు తొందరగా వస్తుందట, మనవి నల్లకళ్లు కాబట్టి భయం లేదు అని ఎవరైనా చెప్తే నమ్మి ఈ చవితికి డీజే బాక్సు పక్కన నిలబడకండి. ఆ మాటలో సగం నిజం ఉంది. కంటికి రంగునిచ్చే మెలనిన్ లోపలి చెవిలోనూ ఉంటుంది. లేత రంగు కళ్లవాళ్ల చెవులు పెద్ద శబ్దానికి ఇంకాస్త త్వరగా అలసిపోతాయని కొన్ని చిన్న పరిశోధనల్లో కనిపించింది, అన్నిట్లోనూ కాదు. నల్లకళ్లు మాత్రం ఎవరికీ కవచం కావు.

కంటి రంగును నిజంగా పట్టించుకోవాల్సిన సందర్భం వేరే ఉంది. పుట్టిన బిడ్డకు మెరిసే నీలికళ్లు, లేదా ఒక కన్ను ఒక రంగు ఇంకో కన్ను ఇంకో రంగు, నుదుటి మీద తెల్ల జుట్టు పాయ ఉంటే వార్డెన్‌బర్గ్ సిండ్రోమ్ కావచ్చు. 1951లో డచ్ కంటి డాక్టర్ వార్డెన్‌బర్గ్ దీన్ని వివరించాడు. ఇందులో పుట్టు చెవుడు రావచ్చు. (నీలికళ్ల తెల్లపిల్లుల్లో కూడా చెవుడు ఎక్కువే!) "కళ్లు ఎంత బాగున్నాయో" అని మురిసిపోయి ఊరుకోకుండా వినికిడి పరీక్ష చేయించండి. బిడ్డ నిద్రపోతుండగానే నిమిషాల్లో అయిపోతుంది.

ఇక ఊరేగింపు సంగతి. 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలు ఉండొచ్చని లెక్క. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైమ్ సగమవుతుంది, 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. బాక్సుల ముందు అంతకంటే ఎక్కువే మోగుతుంది. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషికి కూడా అరిచి చెప్పాల్సి వస్తోందా? వెనక్కి జరగండి.

దూది పెద్దగా పనిచేయదు. ఫోమ్ ఇయర్ ప్లగ్‌ను వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా అర నిమిషం పట్టుకోండి. సగం బయటే ఉంటే పెట్టుకున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. చిన్నపిల్లలకు ఇయర్ మఫ్‌లు పెట్టండి. చంటిపిల్లల్ని అసలు తీసుకెళ్లొద్దు.

ఇంటికొచ్చాక చెవిలో గుయ్యిమంటుంటే మర్నాడు మళ్లీ హోరులోకి వెళ్లకండి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే మాత్రం వెల్లుల్లి నూనె కాచి పోసుకుంటూ కూర్చోవద్దు, ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్‌ దగ్గరికి వెళ్లండి. మందు బాగా పనిచేసేది మొదటి కొన్ని రోజుల్లోనే.