నాట్లలోకి దిగేముందు నడుం నొప్పి, కాలు లాగుడు ఉన్నవాళ్లు చూసుకోవాల్సినవి

నారుమళ్లు పచ్చబడ్డాయంటే ఇంకో మూడు వారాల్లో నాట్లు. నడుం పట్టేసి, పిర్ర నుంచి పిక్క దాకా జివ్వుమని లాగుతున్నా, సీజన్ దాటితే కూలి దొరకదని దిగేవాళ్లు ఊరికి ఎంతమందో. మానేయమని చెప్పను, చెప్పినా ఎవరు మానతారు? కానీ ఇప్పటినుంచే ఒళ్లు అలవాటు చేసుకోవాలి. పొద్దున, సాయంత్రం ఓ పావుగంట నడవండి, నాలుగు రోజులకోసారి కాస్త పెంచండి. నడిస్తే కొంచెం నొప్పి వచ్చినంత మాత్రాన లోపల ఏదో తెగిపోతున్నట్టు కాదు, మంచం పట్టుకుని పడుకుంటేనే ఇంకా బిగుసుకుపోతుంది.

అసలు చిక్కంతా గుత్త దగ్గరే. ఎకరానికి ఇంత అని మాట్లాడుకున్నాక ఒకరు ఆగితే మిగతావాళ్ల ముఖాలు మాడిపోతాయి కదా. అందుకే పని ఒప్పుకోకముందే, "అక్కా, పొద్దున నాటేస్తా, మధ్యాహ్నం పీట మీద కూర్చుని నారు పీకుతా" అని ముఠా పెద్దకు చెప్పేయండి. నొప్పి వచ్చాక కాదు, రాకముందే ఆగాలి. మడి చివరికి చేరిన ప్రతిసారీ నిటారుగా నిలబడి, చేతులు నడుం మీద ఆనించి, నాలుగైదుసార్లు మెల్లగా వెనక్కి వంగండి. అలా వంగితే కాలు ఇంకా ఎక్కువ లాగేవాళ్లు, ముఖ్యంగా వయసు పైబడినవాళ్లు, అది మానేసి గట్టు మీద కాసేపు కూర్చోండి, వెన్నులో నరాలు వెళ్లే దారి ఇరుకైనవాళ్లకు కూర్చుంటేనే హాయి.

యూరియా బస్తా 45 కిలోలు, ఒక్కరే ఎత్తొద్దు. విప్పి బకెట్లతో మోసుకోండి.

మాత్రల సంగతి. సాయంత్రం మెడికల్ షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు రోజూ పరగడుపున మింగితే కడుపులో పుండు పడొచ్చు. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు వేసుకుంటే కిడ్నీలకు దెబ్బ. మరుగుకి చోటు లేదని ఆడవాళ్లు పొలంలో నీళ్లే తాగరు, అదింకా ప్రమాదం. బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడగందే ముట్టొద్దు. పేరు చెప్పకుండా ఇచ్చే నొప్పుల పొడి ఒక్క పూటకే లేపి కూర్చోబెట్టిందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించాల్సిందే.

మూత్రం రాకపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య, మలద్వారం చుట్టూ మొద్దుబారినా, పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా అది మామూలు నడుం నొప్పి కాదు. తెల్లారేదాకా ఆగకుండా అప్పటికప్పుడే పెద్దాసుపత్రికి వెళ్లండి, బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.